క్యాంపర్ వ్యానులో తెల్ల లైటు

సాయిచంద్ కారు తనకంటే ముందే వచ్చి ఆగి ఉండడం చూడగానే పద్మలతకు కడుపు మండిపోయింది. మండదా మరి? ఏ కేసు చేతికొచ్చినా, ఏ గుమ్మం తొక్కినా అప్పటికే ఈ మనిషి అక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే డిటెక్టివ్ ఏజెన్సీలో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పని నేర్చుకున్నారు. ఇప్పుడు ఆదిలాబాద్‌లో అతనికి పెద్ద ఆఫీసు, అప్పుడప్పుడు టీవీలో ముఖం. కరీంనగర్‌లో ఆమెకు మందుల షాపు మీద ఒక గది, పెళ్ళికొడుకుల గుణగణాల వాకబు. అతని తెలివి తన తెలివికంటే వీసమెత్తు కూడా ఎక్కువ కాదని ఆమె గట్టి నమ్మకం. ఆ సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడమే ఆమె బాధ.

ఈ కేసూ అంతే. జన్నారం దాటి ఉట్నూర్ వైపు పోయే దారిలో, అడవి అంచున ఒక విడిది ఉంది. మూడు చెక్క గదులు, లోపల మంచం, అల్మరా అమర్చి ఇల్లులా మార్చిన ఒక టెంపో వ్యాను. స్థలం సాగర్ అనే కుర్రవాడిది. నడిపేది అతని అక్క నవీన భర్త రంజిత్. సోమవారం తెల్లవారాక ఆ వ్యానులో రంజిత్ తల పగిలి పడి ఉన్నాడు. మంచిర్యాల ఆసుపత్రిలో చేర్చారు. ఇంకా స్పృహ లేదు. పక్కనే రక్తం అంటిన జాకీ రాడ్డు దొరికింది.

సాగర్ కబురు పెట్టాడని సాయిచంద్ వచ్చాడు. వచ్చిన పూటే నేరస్థుణ్ణి చూపించేశాడు. ఆ విడిదికి లైట్లు బిగించిన కరీంనగర్ షాపు యజమాని నజీరుద్దీన్. కళ్ళారా చూసిన సాక్షి సాగరే. ఇక మంగళవారం పేపర్లలో సాయిచంద్ ఫోటో ఎంత పెద్దదిగా పడాలో అంత పెద్దదిగా పడింది. పద్మలత ఆ పేపరును రెండుసార్లు చదివి, మడిచి, మళ్ళీ తీసి చదివింది.

నజీరుద్దీన్ కూతురు అజ్రా ఆ రోజే ఆమె గదికి మెట్లెక్కి వచ్చింది. "మా అబ్బా ఒక్కసారి జైలు గడప తొక్కితే మళ్ల తలెత్తుకొని షాపుల కూసోడు మేడం. ఆయన సంగతి నాకెర్క. గా కోర్టు దాకా పోనియ్యకుర్రి" అని చేతులు పట్టుకుంది. నజీరుద్దీన్‌ను కోర్టులో హాజరు పరిచేది బుధవారం మధ్యాహ్నం. అంటే ఇవాళే.

వ్యాను తలుపు దగ్గర ఎస్సై తిరుమల నిలబడి ఉన్నాడు. పక్కన కానిస్టేబుల్, అతని చేతిలో, కోర్టుకు ముందు చోటు చూపించమని తెచ్చిన నజీరుద్దీన్ భుజం. వ్యాను మెట్టు మీద కూర్చుని సాయిచంద్ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"రా పద్మా, రా. ఆలస్యంగనన్న వచ్చినవ్" అన్నాడు.

"నీలాగ పిలవకముందే వచ్చే విద్య నాకు రాలేదు సాయీ."

అతని వేళ్ళ మధ్య కాయ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వాడు. ఎస్సై వాచీ చూసుకున్నాడు.

"మేడం, అడిగేదేందో జల్దీ అడుగుర్రి. అన్నం తిన్నంక మేం బయల్దేరాలె."

పద్మలత నజీరుద్దీన్ వైపు తిరిగింది. యాభై దాటిన మనిషి. మూడు రోజుల గడ్డం, నిద్రలేని కళ్ళు.

"నజీర్ భాయ్, ఆదివారం పొద్దుమీకి ఇక్కడికెందుకు వచ్చిన్రు?"

"రంజిత్ సారే ఫోన్ చేసిండమ్మా. వ్యాన్‌ల లైటు వెలుగుతలేదు, రమ్మన్నడు. కొత్త లైటు పట్టీ పట్టుకొని వచ్చిన. వచ్చి చూస్తే ఫ్యాన్ మంచిగ తిరుగుతుంది, లైటు వెలుగుతలే. అంటే బ్యాటరీల దోషం లేనట్టే గదా? మూత ఇప్పి చూసిన. అది నేను పెట్టిన పట్టీ గాదు. ఎవలో మార్చిన్రు సార్ అన్న. గంతే, సార్‌కు కోపమొచ్చింది. నా దాంట్ల చెయ్యి పెట్టెటోడు ఎవడున్నడు, నీ మాలే ఖరాబ్ అని అందరి ముంగట అన్నడు. నాకు గూడ నోరు జారింది."

"ఏమన్నరు?"

నజీరుద్దీన్ తల దించుకున్నాడు. "నీ సంగతి చూస్త అన్న."

"విన్నవా?" అన్నాడు సాయిచంద్, పొట్టు ఊదేస్తూ.

"తెచ్చిన పట్టీ బిగించిన్రా మరి?"

"లేదమ్మా. కోపంల బ్యాగెత్తుకొని బండెక్కిన. అప్పటికింక చీకటి గూడ పడలే. అల్లా కసమ్."

సాగర్ వాంగ్మూలం ఆమెకు నోటికి వచ్చేసింది. చీకటి పడ్డాక వ్యాను పక్కనుంచి పోతూ కిటికీలోంచి చూశాడట. లోపల లైటు వెలుగుతోందట. ఆ వెలుతురులో రాడ్డు పట్టుకున్న నజీరుద్దీన్ ముఖం స్పష్టంగా కనిపించిందట. భయపడి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడట.

"ఎస్సై గారూ" అంది పద్మలత, గొంతులో గెలుపు దాచుకోలేక. "లైటు వెలగట్లేదనే గదా ఈయనను పిలిచిన్రు. దాన్ని ఈయన బాగు చేయకుండనే పోయిండు. మరి సాగర్ ఏ వెలుతుర్ల చూసిండు?"

ఎస్సై కనుబొమలు ముడిపడ్డాయి. సాయిచంద్ మాత్రం తాపీగా లేచి, మెట్టు మీంచి తప్పుకుని, వ్యాను లోపలికి దారి చూపించాడు.

"లోపల స్విచ్చు ఉంటది. పోయి వెయ్యి."

ఆమె వెళ్ళి వేసింది. కప్పు పొడవునా లైటు భళ్ళున వెలిగింది. ఇప్పుడు పరదాలు మూసి ఉన్న వ్యానులో మూలమూలా పట్టపగలైంది.

పద్మలతకు తల కొట్టేసినట్టయింది. ఎస్సై మర్యాదస్థుడు, పక్కకు చూశాడు. సాయిచంద్‌కు ఆ మర్యాద లేదు. "సాక్షి చెప్పింది సరిపోయిందా? పెళ్ళికొడుకుల సంగతి వేరు, గిది వేరు పద్మా" అన్నాడు.

ఇంతలో అతని ఫోన్ మోగింది. పది అడుగులు అవతలికి పోయి మాట్లాడి వచ్చాడు. వచ్చేటప్పుడు నవ్వు లేదు. "మంచిర్యాల పోయొస్త ఎస్సై గారూ. నవీనమ్మ ఒక్కతే ఉన్నది, పరేషాన్ అయితుంది. జర ధైర్యం చెప్పొస్త" అని కారెక్కాడు. అంత హడావిడిలోనూ అద్దంలో జుట్టు సరిచేసుకోవడం మర్చిపోలేదు. బాధితుడి ఇంటివాళ్ళు కూడా ఏడవడానికి ఇతని భుజమే వెతుక్కుంటున్నారన్నమాట! తనకు మాత్రం ఒక్కరైనా ఫోన్ చేసి ధైర్యం అడిగిన పాపాన పోలేదు.

ఆమెకు వెళ్ళిపోవాలనిపించింది. ఎవరి ముఖమూ చూడలేక కప్పుకేసి చూస్తూ నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ చూపులో డిటెక్టివ్ తెలివేమీ లేదు, ఉక్రోషంతో కళ్ళలో నిండిన నీళ్ళు కిందికి జారకుండా చేసే ప్రయత్నమే. కానీ కళ్ళు కాసేపు ఒకచోట నిలిస్తే ఏదో ఒకటి చూడక మానవు.

లైటు తెల్లగా ఉంది. కళ్ళు పొడిచే తెలుపు.

"నజీర్ భాయ్! మీరు బిగించింది ఏ రంగు?"

"పసుపుపచ్చదమ్మా, అన్ని గదులల్ల గదే. అడివిల తెల్ల లైటు పెడితే పురుగులన్ని గక్కడనే జమైతయి. రంజిత్ సార్ గూడ పసుపుదే గావాలె అన్నడు. దీపం పెట్టినట్టు ఉండాలె, నిదుర గుంజుకొని రావాలె అన్నడు."

పద్మలత మూడు గదులూ తిరిగి చూసింది. మొదటి గదిలో పసుపు లైటు. రెండో గదిలోనూ పసుపే. మూడో గదిలో స్విచ్చు వేస్తే ఏమీ వెలగలేదు. మంచం కింద పెట్టెలో బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ, తీసి వదిలేసిన వైర్లు.

ఆమె దాదాపు పరుగున వ్యానుకు వచ్చింది. అప్పుడు తెలిసింది, లోపల ఏదో మాడిన వాసన. వాసన వెంట ముక్కు పెట్టుకుని పోతే మంచం తలాపున బిగించిన చిన్న ఫ్యాను దగ్గర ఆగింది. స్విచ్చు వేసే ఉంది. ఫ్యాను తిరగడం లేదు. వెనక మూత మీద నల్లటి మసి.

"ఎస్సై గారూ, ఆదివారం పొద్దుమీకి తిరిగిన ఫ్యాను ఇది. ఎందుకు మాడింది?"

"ఫ్యానులు మాడవా మేడం?"

"మాడుతయి. కూర్చునే పెట్టె తెరిపిస్తరా?"

కానిస్టేబుల్ సీటు చెక్క ఎత్తాడు. లోపల ఒకటి కాదు, రెండు బ్యాటరీలు ఉన్నాయి. మొదటిదాని ప్లస్‌కు, రెండోదాని మైనస్‌కు కలుపుతూ బొటనవేలంత లావు నల్ల వైరు. నజీరుద్దీన్ తొంగిచూసి నోరు తెరిచాడు. తను పెట్టింది ఒక్కటేనన్నాడు.

పద్మలత మంచమెక్కి కప్పు మీది ప్లాస్టిక్ మూత గోటితో లేపింది. తెల్లపట్టీ అంచున సన్నటి అక్షరాలు ఉన్నాయి. ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చూసింది. ఇరవై నాలుగు వోల్టులు.

నిన్న అజ్రా షాపులో ఆమెకు ఓపిగ్గా చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇట్లాంటి వ్యాన్లకు, చెక్క గదులకు పన్నెండు వోల్టుల లైట్లే తీసుకోవాలి, ఒక్క బ్యాటరీ చాలు, చెయ్యి తగిలినా షాకు కొట్టదు. లారీలవాళ్ళు వచ్చి అడిగితే మాత్రం ఇరవై నాలుగుదే ఇవ్వాలి, లారీలో రెండు బ్యాటరీలు జోడించి ఉంటాయి. ఇది అక్కడ పెడితే మాడుతుంది, అది ఇక్కడ పెడితే వెలగదు.

"ఎస్సై గారూ, గిది లారీకి పెట్టే లైటు" అంది పద్మలత. ఈసారి గొంతులో గెలుపు లేదు, తొందర ఉంది. "ఎవరో నజీర్ భాయ్ లైటు పీకి దీన్ని పెట్టిన్రు. ఒక్క బ్యాటరీకి వెలగలే. అందుకే రంజిత్ ఫోన్ చేసిండు. నజీర్ భాయ్ పోయినంక మళ్ల ఎవరో మూడో గది బ్యాటరీ తెచ్చి దీనికి జోడించిన్రు. లైటు వెలిగింది, పన్నెండు వోల్టుల ఫ్యాను మాడింది. లైటు వెలగకపోతే సరైన పట్టీ తెచ్చి వెయ్యాలె. అది వదిలేసి ఇంకో బ్యాటరీ కలపాలని ఎవరికి తోస్తది?"

ఎస్సై రెండు బ్యాటరీల మీదికి వంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "సాగర్ వాళ్ల బాపుకు నస్పూర్‌ల బొగ్గు లారీలున్నయి. పోరడు గా లారీల మీదనే పెరిగిండు."

"పిలిపించుర్రి."

సాగర్ లక్సెట్టిపేటలో ఉన్నాడు. వచ్చేసరికి గంట దాటింది. ముప్పై ఏళ్ళు నిండని మనిషి, బలమైన చేతులు, చూపు మాత్రం నేల మీదే. వ్యాను మంచం అంచున అతన్ని కూర్చోబెట్టి పద్మలత ఎదురుగా కూర్చుంది. ఎస్సై తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. తెల్ల లైటు వెలుగుతూనే ఉంది. రెండు బ్యాటరీలు తెరిచిన పెట్టెలో కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూసి సాగర్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

ఆమె మొదట బ్యాటరీల ఊసు ఎత్తలేదు.

"తమ్మీ, సాయిచంద్ నాకు పాత దోస్తు. ఒక్కకాడనే పని నేర్చుకున్నం. ఆయన ఫోటో పేపర్ల పడితే నాకు అన్నం సయించదు. ఎవరన్న ఆయనను మెచ్చుకుంటే ఒళ్లు మండుతది. ఇందాక ఆయన కారు చూసినప్పుడు గూడ మండింది. నీకెప్పుడన్న గట్ల అయిందా?"

సాగర్ తలెత్తాడు. ప్రశ్నలకు తయారై వచ్చిన మనిషి, దీనికి తయారై రాలేదు.

"జాగ నాది మేడం" అన్నాడు. "చెక్కలు నేను మోసిన. బోరు నేను ఏయించిన. వచ్చినోళ్లు బండి దిగంగనే రంజిత్ సార్ లేడా అంటరు. పోయేటప్పుడు ఆయనతోటే ఫోటో దిగుతరు. నన్ను చూసి తమ్మీ జర సామాన్ పెట్టు అంటరు. మా బాపు గూడ గంతే. మీ బావను చూసి నేర్చుకోర అంటడు. ఏం నేర్చుకోవాలె? పసుపు లైట్లు పెట్టుడా? గా లైట్ల ముచ్చట చెప్పీ చెప్పీ అందరి చెవులు తిన్నడు. లైట్లు మంచిగున్నయి, లైట్లు మంచిగున్నయి... నాకు గా లైట్లు చూస్తేనే కడుపు రగిలిపోయేది."

"అందుకే ఒకటి పీకినవు."

"గెస్టుల ముంగట ఇజ్జత్ పోవాలె అనుకున్న. మా లారీల పెట్టే తెల్లది పెట్టిన. పగటిపూట పెట్టిన, వెలుగుతుందో లేదో గూడ చూసుకోలే."

"మరి సాయిచంద్‌ను ఎప్పుడు పిలిచినవు?"

సాగర్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై "చెప్పు" అన్నాడు.

"వారం కింద పెట్టుకున్న ఆయనను. బావ వేరే జాగ చూస్తుండు, సొంతంగ పెట్టుకుంటుండు అని నా అనుమానం. కాయితాలేమన్న ఉంటే పట్టుకొమ్మన్న. గిప్పుడు గాదు మేడం, ఆదివారానికి ముంగటనే వచ్చి గీ చుట్టుపక్కలనే తిరుగుతుండు."

పద్మలత వెన్ను నిటారుగా అయింది. ఒక్క పూటలో కేసు తేల్చేశాడని, అంత వేగం తనకెందుకు లేదని రాత్రంతా కుమిలిపోయిన వేగం అదన్నమాట. అతను పరుగెత్తుకుని రాలేదు. ముందునుంచీ ఇక్కడే ఉన్నాడు.

"సోమవారం పొద్దున ఏమైంది?"

"తెల్లారకముందు ఫోన్ చేసిండు. మీ బావను నజీర్ కొట్టిండు, వ్యాన్‌ల పడి ఉన్నడు, నేను దూరం నుంచి చూసిన అన్నడు. నువ్వు నన్ను పెట్టుకున్న సంగతి బయటికొస్తే పోలీసులు మొదలు నిన్నే పట్టుకుంటరు, నువ్వే చూసినట్టు చెప్పు అన్నడు. వ్యాన్‌ల లైటు వెలుగుతలేదు, దాన్ని ముందుగాల వెలిగేటట్టు చెయ్, గప్పుడు పోలీసులకు ఫోన్ కొట్టు అన్నడు. పోయి చూస్తే బావ పడి ఉన్నడు. నెత్తురు..."

"ఊపిరి ఉన్నదా అప్పుడు?"

"ఉన్నది. మూలుగుతుండు."

"బ్యాటరీ ముందు కలిపినవా, అంబులెన్సుకు ముందు ఫోన్ చేసినవా?"

సాగర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "బ్యాటరీ" అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. "ఫ్యాన్ పొగలు వచ్చింది, గప్పుడు గూడ ఆగలే. మా అక్క ముఖం ఎట్ల చూడాలె మేడం?"

ఎస్సై నోట్లో ఏదో తిట్టు గొణుక్కున్నాడు. పద్మలత మాత్రం అతన్ని తిట్టలేకపోయింది. ఆ మంట ఎంతదూరం తీసుకుపోగలదో ఆమెకు తెలియని సంగతేమీ కాదు. తను ఇంకా అంతదూరం పోలేదు, అంతే. అసలు సంగతికి వచ్చింది.

"నువ్వు లైటు మార్చిన సంగతి సాయిచంద్‌కు చెప్పినవా?"

"ఎవ్వలికి చెప్పలే. మా అవ్వకు గూడ తెల్వదు."

"అది వెలుగుతలేదని నీకు తెలుసా?"

"గాయిన ఫోన్‌ల చెప్తెనే తెలిసింది."

"మరి ఆయనకెట్ల తెలిసింది?"

సాగర్ ఏడుపు ఆగిపోయింది.

"దూరం నుంచి చూసిన అన్నడు గదా" అంది పద్మలత. ఆమె ఇప్పుడు సాగర్‌తో కాదు, తనతో తను మాట్లాడుకుంటున్నట్టుంది. "దూరం నుంచి చూసేటోనికి వ్యాను చీకటిగ కనిపిస్తది. చీకటిగ ఉంటే ఏమనుకుంటరు? లోపలివాళ్లు లైటు బంద్ చేసుకున్నరనుకుంటరు. లైటు పనిచేస్తలేదని ఎవరనుకుంటరు? లోపలికొచ్చి, ఆ గోడ తడిమి, స్విచ్చు వేసి చూసినోడే అనుకుంటడు. కాయితాల కోసం వ్యాన్ లోపటికి దూరిండు. లైటు వేసిండు, వెలగలే. చీకట్ల వెతుకుతుంటే రంజిత్ వచ్చిండు."

బయట నజీరుద్దీన్ దగ్గు వినిపించింది. ఎస్సై తిరుమల బయటికి వంగి కానిస్టేబుల్‌తో ఒక్క మాట అన్నాడు. "ఆయనను కోర్టుకు తీస్కపోయేది లేదు. కూసోపెట్టి మంచినీళ్లియ్యి."

ఆ మాట కోసమే పద్మలత పొద్దుటినుంచీ పోరాడింది. అజ్రాకు ఫోన్ చేసి చెప్పాలి. సాయిచంద్‌ను ఓడించానని లోపల గంతులు వేయాలి. కానీ గంతు రాలేదు. ఇందాకటి ఫోన్ గుర్తొచ్చింది. పది అడుగులు అవతలికి పోయి మాట్లాడి వచ్చినప్పుడు ఆ ముఖంలో నవ్వు ఎందుకు మాయమైంది?

"సాగర్, మీ అక్క నంబరు. జల్దీ!"

మూడు రింగులకు నవీన ఎత్తింది. పద్మలత తనెవరో చెప్పింది. అలిసిపోయిన గొంతులో సంతోషం పొంగుతోంది.

"ఎవలు? పద్మలత మేడమా? మా ఆయన కండ్లు తెరిచిండు మేడం! పొద్దుగాలనే తెరిచిండు. వెంటనే సాయిచంద్ సార్‌కు ఫోన్ చేసి చెప్పిన. నేనొచ్చేదాక ఎవ్వలికి చెప్పకు, పోలీసులకు గూడ చెప్పకు అన్నడు."

"నవీనా, విను. నువ్వు ఇప్పుడు ఎక్కడున్నవు? ఆయన పక్కన ఉన్నవా?"

"లేదు మేడం, కింద మందుల దుకాణం కాడ లైన్ల ఉన్న. సార్ వచ్చిండు గదా. నేను ఆయనతోటి ఒక్కన్నే మాట్లాడాలె, నర్సమ్మను గూడ బయటికి పంపిస్త, నువ్వు పోయి గీ మందులు తీస్కరా అన్నడు. నేను వచ్చేటప్పుడే లోపటికెళ్లి గొళ్లెం పెట్టుకున్నడు."